అప్పులవాడు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు

వాక్యభాగములు: 2 రాజులు 4:1-7, యిర్మీయా 34:8-17, కొలొస్సయులకు 2:14

రేడియోలో ఈ వాక్యము చెప్పినప్పుడు సమయము చాలక కొన్ని సంగతులు విడిచిపెట్టవలసి వచ్చింది. వాటిని కూడా చేర్చి, నిదానముగా చదువుకోవడానికి వీలుగా ఇక్కడ రాస్తున్నాను. మీ బైబిలు పక్కన పెట్టుకొని చదవమని మనవి.

రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ఒక విధవరాలు ఎలీషా దగ్గరకు వచ్చి మొరపెట్టింది. ఆమె భర్త ప్రవక్తల శిష్యులలో ఒకడు. దైవభక్తి గలవాడు. అయితే అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పు ఇచ్చినవాడు ఇంటికి వచ్చాడు. ఆ ఇంట్లో పొలము లేదు, పశువులు లేవు, బంగారము లేదు. ఉన్నదల్లా ఇద్దరు మగపిల్లలు. ఆ ఇద్దరినీ దాసులుగా పట్టుకుపోవడానికి అప్పులవాడు సిద్ధపడ్డాడు.

ఈ అధ్యాయము మనము చాలాసార్లు విన్నాము. అయితే ప్రసంగము మొదలుపెట్టగానే నూనె కుండ దగ్గరకు తొందరగా వెళ్లిపోతాము. అద్భుతము గురించి మాట్లాడుకొని సంతోషపడతాము. గుమ్మం దగ్గర నిలబడిన అప్పులవాణ్ణి, తల్లి చెంగు పట్టుకొని వెనక నిలబడిన ఆ పిల్లలిద్దరినీ చూడకుండానే దాటిపోతాము. ఈసారి గుమ్మం దగ్గర కొంచెంసేపు ఆగుదాము.

ఇది రాజుల కాలం నాటి మాట అనుకుంటున్నారా? 2025 మే నెలలో పత్రికలలో వచ్చిన ఒక వార్త చెబుతాను. మన రాష్ట్రంలో తిరుపతి జిల్లా. యానాది కుటుంబము. భార్య, భర్త, ముగ్గురు పిల్లలు ఒక బాతుల పెంపకందారుని దగ్గర పనికి కుదిరారు. భర్త తీసుకున్నాడని చెప్పిన అప్పు 25,000 రూపాయలు. కొంతకాలానికి భర్త చనిపోయాడు. పిల్లలను తీసుకొని వెళ్లిపోతానని ఆ తల్లి అడిగితే, వడ్డీతో కలిపి 45,000 కట్టి వెళ్లమన్నారు. ఆమె పది రోజులు గడువు అడిగింది. అంతవరకు ఒక పిల్లవాణ్ణి తాకట్టుగా ఉంచి వెళ్లమన్నారు. తొమ్మిదేళ్ల కొడుకును ఉంచి వెళ్లింది. ఫోను చేసినప్పుడల్లా వచ్చి నన్ను తీసుకుపో అమ్మా అని అడిగేవాడని ఆ తల్లి తరువాత చెప్పింది. ఆమె డబ్బు సమకూర్చుకొని వెళ్లేసరికి బిడ్డ లేడు. పోలీసులు విచారిస్తే తమిళనాడులో, కాంచీపురం దగ్గర పాలారు నది ఒడ్డున పాతిపెట్టిన శవము దొరికింది. కామెర్లు వచ్చి చనిపోయాడని ఆ యజమాని కుటుంబము చెప్పింది. వారిని అరెస్టు చేశారు. వారిపై పెట్టిన కేసులలో ఒకటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము కింద.

చనిపోయిన భర్త, అతడు చేసిన అప్పు, ఒంటరి తల్లి, తాకట్టుగా పోయిన కొడుకు. ఎలీషా నాటికీ ఈనాటికీ మధ్య దాదాపు 2,800 సంవత్సరాలు గడిచాయి. అప్పులవాడు మాత్రం అదే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

చట్టములు లేకనా?

చట్టములు లేక ఇలా జరుగుతున్నదని ఎవరూ అనలేరు. కొంచెం వెనక్కు వెళ్లి చూద్దాము.

విలియం విల్బర్‌ఫోర్స్ పేరు మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. బానిసత్వము పోవాలని బ్రిటిషు పార్లమెంటులో జీవితమంతా పోరాడిన భక్తుడు. 1833 జులై 26న బానిసత్వ రద్దు బిల్లు గట్టెక్కుతుందన్న కబురు ఆయన మంచము దగ్గరకు వచ్చింది. మూడు రోజులకు, జులై 29న ఆయన కన్నుమూశాడు. 1834 ఆగస్టు 1 నుండి ఆ చట్టము అమలులోకి వచ్చింది. ఇంతవరకు అందరికీ తెలిసిన కథ. అయితే ఆ చట్టములోనే ఒక మినహాయింపు ఉన్నది. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు అది వర్తించదు. అప్పట్లో మన కృష్ణా తీరము కంపెనీ చేతిలోనే ఉన్నది. అంటే ఆ స్వాతంత్ర్యపు కబురులో మన ముత్తాతలకు భాగము లేదు. మన దేశానికి వేరుగా 1843లో ఒక చట్టము వచ్చింది. ఒక మనిషి నా బానిస అని కోర్టులో దావా వేస్తే ఇక చెల్లదని చెప్పింది. 1860 నాటి శిక్షాస్మృతి మనుషులను కొనడము, అమ్మడము నేరమన్నది.

మనుషులను కొనడము ఆగింది. మనుషుల అవసరము ఆగలేదు. విడుదలైన బానిసల స్థానములో చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. 1834 నుండి మారిషస్‌కు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు ఓడల మీద ఓడలు వెళ్లాయి. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుండి, మద్రాసు నుండి మన తెలుగువారు ఎందరో ఎక్కారు. ఈసారి బానిస అన్న మాట లేదు. అగ్రిమెంటు అన్న మాట వచ్చింది. వేలిముద్ర వేసినవాడు ఐదేళ్లు అక్కడినుండి కదలడానికి వీల్లేదు. ఆ పద్ధతిలో కూలీలను ఓడ ఎక్కించడము ఆగడానికి 1917 వరకు పట్టింది. ఇటు నిజాము ఏలుబడిలో, తెలంగాణ గడీలలో వెట్టి నడిచింది. మన కోస్తా ఊళ్లలో పాలేరుతనము నడిచింది. పేరు మారింది. మెడ మీది కాడి మారలేదు.

1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోకి వచ్చింది. దానిలోని 23వ అధికరణము మనుషుల క్రయవిక్రయాలను, వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టము వచ్చాయి. 1982లో సుప్రీంకోర్టు ఇంకొక మాట చెప్పింది. కనీస వేతనము కంటే తక్కువకు పని చేయించుకోవడము కూడా బలవంతపు చాకిరీయే అన్నది. కొరడా పట్టుకొని కొడితేనే బలవంతము కాదు, ఆకలి కూడా మనిషిని బలవంతము చేస్తుందని న్యాయమూర్తులు గుర్తించారు.

ఇన్ని చట్టములున్నాయి. ఇప్పుడు లెక్క చూడండి. 2016లో కేంద్ర ప్రభుత్వము తనంతట తానే ఒక లక్ష్యము ప్రకటించింది. 2030 నాటికి సుమారు 1 కోటి 84 లక్షల మంది వెట్టి కార్మికులను గుర్తించి, విడిపించి, పునరావాసము కల్పించాలని. అయితే 1978 నుండి ఇప్పటివరకు, అన్ని సంవత్సరాలూ కలిపి, ప్రభుత్వ లెక్కలలో పునరావాసము పొందినవారు మూడు లక్షల పైచిలుకు మాత్రమే. ప్రపంచమంతా చూస్తే, 2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారము 2021లో దాదాపు 5 కోట్ల మంది ఈనాటి బానిసత్వములో ఉన్నారు. వారిలో 2 కోట్ల 80 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నవారు. మిగిలినవారు బలవంతపు పెళ్లిళ్లలో చిక్కుకున్నవారు.

విడిచిపెట్టి మరల పట్టుకున్న జనము

చట్టము వచ్చిన తరువాత కూడా చెర ఎలా నిలుస్తుంది? దీనికి బైబిలులో ఒక అధ్యాయమే ఉన్నది. యిర్మీయా 34 తీయండి.

బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడి వేసింది. రాజైన సిద్కియా భయపడి ప్రజలతో నిబంధన చేశాడు. ప్రతివాడూ తన దగ్గరున్న హెబ్రీ దాసులను, దాసీలను విడిచిపెట్టాలి. అధిపతులు, ప్రజలు అందరూ ఒప్పుకున్నారు. విడిచిపెట్టారు కూడా. దేవుని మందిరములో, దూడను రెండుగా ఖండించి, ఆ ఖండముల మధ్య నడిచి మరీ ఒట్టు పెట్టుకున్నారు. అంతలో ఐగుప్తు సైన్యము వస్తున్నదని విని బబులోనువారు వెనక్కు తగ్గారు. ముట్టడి సడలగానే వీరి మనసు మారింది. విడిచిపెట్టినవారినే మరల పట్టుకొని దాసులుగా చేసుకున్నారు.

దేవుని కోపము ఎందుకు రగిలిందో గమనించండి. ఏడవ సంవత్సరములో దాసుణ్ణి విడిచిపెట్టాలన్న ఆజ్ఞ వారికి మోషే కాలము నుండీ ఉన్నది. వారి పితరులు దానిని లక్ష్యపెట్టలేదు. ఆ సంగతి దేవుడు జ్ఞాపకము చేశాడు. అయితే వీరు అంతకంటే ఘోరము చేశారు. దేవుని పేరు పెట్టబడిన మందిరములో విడుదల చాటించి, ఇంటికి వెళ్లి దానిని తుడిచేశారు. దీనివలన నా నామము అపవిత్రమైనదన్నాడు దేవుడు. విడుదల ప్రకటించడము మంచి పనే. ఆ ప్రకటన ఇంటి గుమ్మం దాటి లోపలికి రాకపోతే, అది దేవుని పేరుకే మచ్చ.

ఈ వాక్యము చదివేటప్పుడు నాకు యెరూషలేము పెద్దలు కనిపించరు. నేను కనిపిస్తాను. ఎందుకో చెబుతాను.

నా తప్పు

కొన్ని సంవత్సరాల క్రితము మా సంఘములో ఒక సహోదరి భర్త జబ్బుపడ్డాడు. ఆసుపత్రికి డబ్బు కావాలి. ఆమె నా దగ్గరకు వచ్చి ఏడ్చింది. నేను ప్రార్థన చేసి, నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన 30,000 రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. నూటికి మూడు రూపాయల వడ్డీ. బాకీ తీరేవరకు ఆమె పెద్ద కొడుకు, పదకొండేళ్ల బాబు, వారి గేదెలను కాసి, మామిడికాయల కాలములో తోటకు కాపలా ఉండాలి. ఏడాదికి 10,000 జీతము బాకీలో పట్టుకుంటారు. కాగితము రాసింది నేనే. అది మేలు అనుకున్నాను. ఆ కాగితము మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశాను. భర్త బ్రతకలేదు.

దాదాపు రెండేళ్ల తరువాత ఒకరోజు ఆ సహోదరి, "అయ్యగారండీ, మావాడి బాకీ ఎప్పటికి తీరుద్దండి?" అని అడిగింది. ఇంటికి వచ్చి కాగితము, పెన్ను తీసుకొని కూర్చున్నాను. 30,000కు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 900. ఏడాదికి 10,800. బాబు జీతము 10,000. ఏడాది పొడవునా ఎండలో, వానలో పని చేస్తే, ఏడాది చివర బాకీ 30,800. రెండో ఏడాది చివర ఇంకా ఎక్కువ. ఆ పిల్లవాడు ముసలివాడైనా ఆ అప్పు తీరదు. ఆ లెక్క నేను మొదటి రోజే వేసి ఉండవలసింది. సెమినరీలో హెబ్రీ, గ్రీకు చదువుకున్నవాణ్ణి. ఒక బిడ్డ జీవితము తాకట్టు పెడుతూ ఐదవ తరగతి లెక్క వేయలేకపోయాను.

సిగ్గుపడి, సంఘములో ప్రత్యేక కానుక పట్టి, ఆ బాకీ మొత్తము కట్టేశాము. సమస్య తీరిందని దేవునికి స్తోత్రము చెల్లించాము. తరువాత ఒక న్యాయవాది సహోదరునితో ఈ సంగతి చెబితే ఆయన నన్ను విచిత్రముగా చూశాడు. "అయ్యగారూ, అసలు కట్టవలసిన అప్పే లేదు కదా" అన్నాడు. ఆ రోజు ఆయన నాకు ఆ 1976 చట్టము చదివి వినిపించాడు. నలభై ఏళ్లు దాటిన నేను మొదటిసారి విన్నాను.

అప్పు ఇచ్చిన పెద్దాయన దగ్గరకు వెళ్లి ఈ మాట చెప్పాను. "అయ్యగారూ, కాగితము మీరే కదా రాశారు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చాలా రోజులు ఆయన నాతో మాట్లాడలేదు. తరువాత ఒక ఆదివారము ఆరాధన అయిపోయాక, సంఘము కట్టిన డబ్బు అంతా తెచ్చి ఆ తల్లి చేతిలో పెట్టాడు. నేను ఆయనకు నేర్పిందేమీ లేదు. జక్కయ్య ఇంటికి వెళ్లిన ప్రభువే ఆయన ఇంటికీ వెళ్లాడు.

కానీ ప్రియులారా, ఆ బాబు మరల బడికి వెళ్లి, తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోలేక సంవత్సరములోపే మానేశాడు. డబ్బు తిరిగి వచ్చింది. ఆ రెండేళ్లు తిరిగి రాలేదు.

చట్టము ఏమంటున్నది?

నాకు ఆలస్యముగా తెలిసిన సంగతి మీకు ఈ రోజే తెలియాలి. 1976 చట్టములోని ముఖ్యమైన మాటలు నలుగురికీ అర్థమయ్యేలా చెబుతాను.

అప్పు లేక అడ్వాన్సు తీసుకొని, దానికి బదులుగా తాను గానీ, తన ఇంటివారు గానీ జీతము లేకుండా లేక నామమాత్రపు జీతానికి పని చేయవలసి వస్తే, వేరొకచోట పనికి వెళ్లే స్వేచ్ఛ లేకపోతే, అది వెట్టిచాకిరీ. గొలుసు వేయనక్కరలేదు. తాళము పెట్టనక్కరలేదు. కాగితము ఉన్నా, నోటిమాటే అయినా ఒకటే.

అటువంటి అప్పు రద్దయినట్టే. 6వ సెక్షను ప్రకారము దానిని తిరిగి కట్టే బాధ్యత పూర్తిగా పోయింది. దానికోసము కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. రద్దయిన ఆ అప్పు కింద డబ్బు పుచ్చుకోవడమే నేరమని 9వ సెక్షను చెబుతున్నది. వెట్టి చేయించినవారికి మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. యజమాని ఇచ్చిన ఇంట్లో ఉంటున్న కుటుంబాన్ని విడుదల తరువాత ఖాళీ చేయించడానికి కూడా వీల్లేదు. ఇంకొక ముఖ్యమైన మాట. ఇది వెట్టి అప్పు అని కూలివాడు అంటే, కాదని రుజువు చేసుకోవలసిన భారము 15వ సెక్షను ప్రకారము అప్పు ఇచ్చినవాని మీద ఉంటుంది.

గుర్తించి విడిపించవలసిన బాధ్యత జిల్లా కలెక్టరుది, ఆయన అధికారము ఇచ్చిన అధికారులది. విడుదలైనవారికి ఇచ్చే విడుదల పత్రము చాలా ముఖ్యము. కేంద్ర పథకము కింద పునరావాసానికి ఒక మగవానికి 1 లక్ష, స్త్రీలకు, పిల్లలకు 2 లక్షలు, అతి ఘోరమైన దోపిడికి గురైన స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు 3 లక్షలు నిర్ణయించారు. పత్రము లేకపోతే ఇవేవీ రావు. పత్రము వచ్చినా పూర్తి మొత్తము చేతికి అందడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా తిండి లేక చాలామంది మరల అదే బట్టీకి, అదే యజమాని దగ్గరకు వెళ్తారు. యిర్మీయా 34 మన కళ్ల ముందే మరల జరుగుతుంది.

బట్టీ అన్నాను కనుక ఆ సంగతి కొంచెం చెబుతాను. వర్షాలు వెనకబడ్డాక ఒడిశాలోని బలంగీరు, నువాపడ, కలహండి వంటి జిల్లాలనుండి కుటుంబాలకు కుటుంబాలు తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వస్తాయి. పండుగ రోజులలో ఇంట్లో డబ్బు లేని సమయము చూసి దళారి అడ్వాన్సు ఇస్తాడు. వేసవి దాటేవరకు వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క. మధ్యలో తిండికి ఇచ్చిన డబ్బు, మందులకు ఇచ్చిన డబ్బు తిరిగి బాకీలో కలుస్తుంది. లెక్క పుస్తకము యజమాని దగ్గర ఉంటుంది. భాష తెలియదు. మధ్యలో వెళ్లిపోతామంటే వెళ్లనివ్వరు. 2013 డిసెంబరులో కలహండి జిల్లావారిని కొందరిని అడ్వాన్సు ఇచ్చి తీసుకువెళ్తుండగా, మిగిలినవారు తప్పించుకుంటే, దొరికిన ఇద్దరి కుడిచేతులు మణికట్టు దగ్గర నరికివేశారు. మన ఇంటి గోడలలోని ఇటుక ఎవరి చేతులు చేశాయో మనము ఎప్పుడైనా అడిగామా?

చెప్పేవారు లేక

ఈ చట్టము పనిచేయదని అనకండి. చదివి వినిపించేవారు ఉన్నచోట అది పనిచేసింది. మన రాష్ట్రంలో ఎస్.ఆర్. శంకరన్ అనే ఐ.ఏ.ఎస్. అధికారి సాంఘిక సంక్షేమ శాఖలో ఉన్నప్పుడు, మీ అప్పు రద్దయింది అన్న మాట పల్లెల్లోని జీతగాళ్ల చెవిన పడాలని పాటుపడ్డారు. 2010లో ఆయన చనిపోయినప్పుడు దుఃఖించినవారిలో పేదలే ఎక్కువ. 1980లలో హైదరాబాదు పక్కనున్న ఇబ్రహీంపట్నంలో (మన కృష్ణ ఒడ్డున ఉన్న ఇబ్రహీంపట్నం కాదు) వ్యవసాయ కూలీ సంఘము ఏర్పడి, ఆ తాలూకాలోని జీతగాళ్లు ఎందరో బయటికి వచ్చారు. అక్కడ కొత్త చట్టమేమీ రాలేదు. ఉన్న చట్టాన్ని మోసుకువెళ్లినవారు దొరికారు.

ఇక్కడే సంఘము తన పిలుపును గుర్తించాలి. రద్దయిన అప్పుకు మనుషులు ఇంకా పని చేస్తున్నారు. ఎందుకు? రద్దయిందన్న కబురు వారి దగ్గరకు రాలేదు. కబురు మోయడము ఎవరి పని? సువార్త అంటేనే మంచి కబురు కదా! పోలీసు స్టేషను లేని పల్లెలో కూడా మన చర్చి ఉన్నది. మనకు మైకు ఉన్నది. ప్రతి ఆదివారము వచ్చి కూర్చునే జనము ఉన్నారు. వారిలో చాలామంది కూలినాలి చేసుకునేవారే. ఇంతకంటే ఏమి కావాలి?

ఎలీషా చేసిన పని

ఎలీషా ఆ తల్లితో చేసిన మాటలు మన సంఘములకు మంచి క్రమము.

మొదటిది, ఆయన విన్నాడు. నేను నీకేమి చేయాలి అని అడిగాడు. నీ ఇంట్లో ఏమున్నదో చెప్పమన్నాడు. మనము మన ప్రార్థన కూడికలలో అప్పు గురించి అడగము. జబ్బు గురించి అడుగుతాము, ఉద్యోగము గురించి అడుగుతాము. ఎవరి దగ్గర ఎంత తెచ్చారు, దానికి ఎవరు పని చేస్తున్నారు, పిల్లలు బడికి వెళ్తున్నారా అని అడగండి. సిగ్గుతో దాచుకున్న చోటనే ఈ చెర బలపడుతుంది.

రెండవది, ఆయన పొరుగువారిని కలుపుకున్నాడు. వట్టి పాత్రలు ఎరువు తెమ్మన్నాడు, కొంచెమే తేవద్దన్నాడు. అద్భుతము దేవునిది, పాత్రలు పొరుగువారివి. సంఘములో స్త్రీల పొదుపు సంఘములున్నాయి. ఆసుపత్రి ఖర్చుకు, చావుకు, పురుడుకు వడ్డీ లేకుండా, పని షరతు లేకుండా ఇచ్చే చిన్న నిధి ప్రతి సంఘములో పెట్టుకోలేమా? చాలా కుటుంబాలు ఈ చెరలో పడేది ఒక్క రాత్రి అవసరానికే. ఆ రాత్రి మన తలుపు తెరిచి ఉంటే అప్పులవాని తలుపు తట్టరు.

మూడవది, ఆయన ఆ కుటుంబము తరువాత ఎలా బ్రతుకుతుందో కూడా చూశాడు. అప్పు తీర్చి, మిగిలినదానితో నువ్వు, నీ కుమారులు బ్రతకండి అన్నాడు. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయములో కూడా దాసుణ్ణి వట్టి చేతులతో పంపవద్దని, మందలోనుండి, కళ్లములోనుండి ధారాళముగా ఇచ్చి పంపమని ఆజ్ఞ ఉన్నది. విడిపించడము సగము పని. నిలబెట్టడము మిగతా సగము. విడుదల పత్రము కోసము ఆఫీసుకు తోడు వెళ్లడము, పిల్లవాణ్ణి బడిలో నిలపడము సంఘము చేయవలసినవి. నేను చేయలేకపోయింది అదే.

ఇక అధికారుల దగ్గరకు ఎలా వెళ్లాలి? మా రెడ్డిగూడెం మండలమైతే తిరువూరు ఆర్డీఓ గారికి, లేక విజయవాడలోని కలెక్టరు గారికి అర్జీ ఇవ్వవచ్చు. మీ ప్రాంతములో మీ ఆర్డీఓ, కలెక్టరు. కూలివాడే రానక్కరలేదు, తెలిసినవారెవరైనా రాయవచ్చు. పిల్లల విషయమైతే 1098కు, ప్రమాదము ఉంటే 112కు ఫోను చేయండి. ఉచిత న్యాయ సహాయానికి 15100. ఒక్క జాగ్రత్త చెబుతాను. యజమానితో ముందుగా గొడవ పడకండి. రాత్రికి రాత్రే ఆ కుటుంబాన్ని వేరొక ఊరికి తరలించే ప్రమాదము ఉన్నది.

మీరు అప్పు ఇచ్చినవారైతే, సహోదరుడా, మీతో కూడా ఒక మాట. మీ పొలములో, మీ ఇంట్లో, మీ చెరువు మీద ఎవరైనా మీ బాకీ కోసము పని చేస్తున్నారా? అమ్మాయిని చదివిస్తామని తెచ్చి అంట్లు తోమిస్తున్నారా? మేము బాగానే చూసుకుంటున్నాము అని అంటారేమో. నేనూ అలాగే అన్నాను. బాగా చూసుకుంటున్నామా అని మనల్ని మనము అడుగుకోవద్దు. రేపు ఉదయము వెళ్లిపోతానంటే వెళ్లనిస్తామా అని అడుగుకుందాము. ఆ జవాబులో అంతా తెలిసిపోతుంది.

మేకులతో కొట్టబడిన నోటు

చివరిగా కొలొస్సయులకు 2:14. మన మీద రుణముగా ఉన్న పత్రాన్ని ప్రభువు తుడిచివేసి, సిలువకు మేకులతో కొట్టి, అడ్డు లేకుండా తీసివేశాడని పౌలు అంటున్నాడు. మన భాషలో చెప్పాలంటే మన ప్రోనోటు అది. మనము కట్టలేని నోటు. ఎంత చాకిరీ చేసినా వడ్డీకి కూడా చాలని నోటు. ఆయన దానిని రద్దు చేశాడు. రద్దయిందని తెలియక, పుణ్యము సంపాదించి తీర్చాలని ఇంకా చాకిరీ చేస్తున్నవారికి ఈ కబురు చెప్పడమే మన సేవ.

అయితే ఒక నోటు రద్దయిందని పాటలు పాడుతూ, పొరుగువాని నోటు మన ఇనప్పెట్టెలో దాచుకుంటే ఎలా? మత్తయి 18లో పదివేల తలాంతుల అప్పు క్షమించబడి, బయటికి వెళ్లగానే తోటివాని గొంతు పట్టుకున్న దాసుని కథ మనకు తెలుసు. ఆ రాజు ముందు మనము కూడా నిలబడవలసినవారమే.

తిరుపతి జిల్లా ఆ తల్లికి, ఆ అప్పు చట్టప్రకారము ఎన్నడో చచ్చిపోయిందని ఎవరైనా చెప్పి ఉంటే? ఆమె కట్టవలసింది 45,000 కాదు, ఒక్క రూపాయి కూడా కాదు. ఈ మాట తెలిసిన మనిషి ఒక్కరు ఆమె పక్కన ఉండి ఉంటే ఆ బాబు ఇప్పుడు బడికి వెళ్తూ ఉండేవాడేమో. ఈ వారము మీ ఊరిలో ఒక్క ఇంటికైనా ఈ కబురు చేర్చండి.

ప్రార్థన చేసుకుందాము.

పరలోకపు తండ్రీ, ఐగుప్తులో నీ ప్రజల మొర విన్న దేవుడవు. మా పొలములలో, బట్టీలలో, మా ఇండ్లలో ఉన్నవారి మొర కూడా నీకు వినబడుతున్నదని మాకు తెలుసు. మేము వినలేదు, మమ్మును క్షమించుము. నా చేతితో రాసిన ఆ కాగితము కొరకు నన్ను క్షమించుము. మేము పట్టుకున్నవారిని విడిచిపెట్టే మనసు మాకు దయచేయుము. చెరలో ఉన్నవారి దగ్గరకు వెళ్లే ధైర్యము మా సంఘములకు ఇమ్ము. మా నోటు రద్దుచేసిన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.